టెలిస్కోపు అద్దాల పాత పూత తొలగింపు

పరావర్తక టెలిస్కోపుకు ప్రాణం దాని ప్రధాన దర్పణం. అందులో ఉండేవి రెండు: పుటాకారంగా అరగదీసి మెరుగుపెట్టిన గాజు దిమ్మ, దాని ముందుమొహం మీద పరిచిన పలుచటి లోహపు పూత. వెలుతురును వెనక్కి తిప్పేది లోహం, ఏ దారిన తిప్పాలో నిర్ణయించేది గాజు. ఏళ్లు గడిచేకొద్దీ లోహం మసకబారుతుంది, చిల్లులు పడుతుంది, అంచుల్లో పొక్కుతుంది. గాజు మాత్రం తరాలపాటు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే గిన్నెను పారేయం, మళ్లీ కళాయి వేయిస్తాం. టెలిస్కోపు అద్దం సంగతీ అంతే. కాకపోతే గిన్నెను చింతపండుతో బరబరా తోమవచ్చు, అద్దాన్ని మాత్రం తోమకూడదు. పాత లోహాన్ని రసాయనంతో కరిగించాలి, గాజు మీద గీత పడకుండా కడగాలి, కొత్త పూతకు సిద్ధం చేయాలి. ఈ వ్యాసం ఆ పనుల గురించే.

ఇంట్లో గోడకు తగిలించే అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది. దానిమీద రంగు వేస్తారు, ముందు గాజు కాపలా కాస్తుంది. టెలిస్కోపులో అలా కుదరదు. వెలుతురు గాజులోంచి పోయి తిరిగొస్తే ముందుమొహం మీదినుంచి మరో మసక బింబం తోడవుతుంది. అందుకని పూత ముందే ఉండాలి, గాలికీ తేమకీ దుమ్ముకీ ఎదురుగా ఉండాలి. దాని ఆయుష్షు తక్కువ కావడానికి కారణం ఇదే.

పూత మందమెంత, గాజు నునుపెంత

అల్యూమినియం పూత మందం మామూలుగా 100 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఎనిమిది అంగుళాల అద్దం మీది లోహమంతా పోగుచేసి తూచినా 8, 9 మిల్లీగ్రాములు దాటదు. తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.34 మీటర్ల వేణు బాప్పు టెలిస్కోపు అద్దానికి పట్టేది గ్రాము పైచిలుకు. అమెరికాలోని పాలొమార్ శిఖరం మీది 200 అంగుళాల (5.08 మీటర్ల) దర్పణానికి అయిదారు గ్రాములు చాలు. టన్నుల బరువున్న గాజు దిమ్మ, దాన్ని మోసే ఉక్కు కట్టడం, గోపురం, ఇంతా కలిసి నక్షత్రాల వెలుతురును పట్టేది ఆ అయిదారు గ్రాముల లోహంతోనే.

గాజు లెక్క ఇంకా సున్నితం. మంచి అద్దం ఉపరితలం ఉండవలసిన పరావలయాకారం నుంచి ఎక్కడా 70 నానోమీటర్లకు మించి తప్పకూడదని పాత నియమం. పరిశోధనశాలల అద్దాలకు ఈ హద్దు ఇంకా కఠినం. అంటే ఆకారంలో మనం సహించే దోషం పూత మందంకన్నా తక్కువ. ఆ ఆకారం తేవడానికి చేతిపని చేసేవారికి వారాలు, నెలలు పడతాయి. పెద్ద అద్దాలకు ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి. పూత వేయడం ఒక పూట పని. ఈ రెంటి విలువలోని తేడాను మనసులో పెట్టుకుంటే పూత తీసే పద్ధతుల్లో ఏది మంచిదో, ఏది కాదో దాదాపు దానంతటదే తేలిపోతుంది. లోహాన్ని వేగంగా తినే మందుకన్నా గాజును ముట్టని మందు మేలు. చేతి బలంకన్నా ఓపిక మేలు.

స్పెక్యులమ్ నుంచి అల్యూమినియం దాకా

న్యూటన్ 1668లో చేసిన తొలి పరావర్తక టెలిస్కోపు అద్దంలో గాజు లేదు. రాగిలో తగరం పాలు బాగా పెంచి పోసిన స్పెక్యులమ్ అనే తెల్లటి కంచునే సానబెట్టి వాడాడు. అది తనమీద పడిన వెలుతురులో మూడింట రెండు వంతులు మాత్రమే తిప్పి పంపుతుంది, పైగా తేమ తగిలితే నల్లబడుతుంది. పూత అంటూ లేదు కాబట్టి తీయడమన్న మాటే రాదు. మెరుపు పోయిందంటే మళ్లీ సానకు పోవడమే, ఆకారాన్ని మళ్లీ మొదటినుంచి తేవడమే. విలియం హెర్షెల్ 1789లో పూర్తిచేసిన 40 అడుగుల టెలిస్కోపుకూ, లార్డ్ రాస్ 1845లో ఐర్లండులో నిలబెట్టిన 72 అంగుళాల టెలిస్కోపుకూ రెండేసి అద్దాలు పోయించింది ఇందుకే. ఒకటి ఆకాశం చూస్తుంటే రెండోది సాన మీద ఉండేది.

తొలగింపు పనిలో జరిగిన పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పే ఉదాహరణ ఆ కాలంలోనే ఉంది. డబ్లిన్‌లో థామస్ గ్రబ్ తయారుచేసిన 48 అంగుళాల మెల్‌బోర్న్ మహా టెలిస్కోపు 1868లో ఆస్ట్రేలియాకు ఓడెక్కింది. సముద్రపు గాలికి అద్దాలు పాడవకూడదని వాటికి లక్క వార్నిష్ పూశారు. అక్కడికి చేరాక ఆ వార్నిష్ తీసే ప్రయత్నంలో మెరుగు దెబ్బతింది. సానబెట్టే నిపుణుడు దగ్గర లేడు. సానబెట్టే యంత్రం ఉన్నా, కోరుకున్న బింబం రాలేదు. ఈ టెలిస్కోపు వైఫల్యం ఖగోళ పరికరాల చరిత్రలోని అతిపెద్ద విపత్తుల్లో ఒకటని తర్వాతి తరపు దర్పణ శిల్పి జార్జి రిచీ రాశాడు. వైఫల్యానికి వార్నిష్ ఒక్కటే కారణం కాదు, గొట్టం గాలికి ఊగడం వంటివీ తోడయ్యాయి. అయినా రక్షణకోసం పూసిన పొరను ఎలా తీయాలో ముందే ఆలోచించుకోకపోవడం మాత్రం ఆ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ కనిపెట్టిన పద్ధతితో గాజు మీద వెండి నిలపడం సాధ్యమయ్యాక పరిస్థితి మారింది. 1856లో జర్మనీలో ష్టైన్‌హైల్, 1857లో పారిస్‌లో ఫూకో వెండి పూత వేసిన గాజు దర్పణాలతో టెలిస్కోపులు చేశారు. ఆకారమూ మెరుపూ అప్పుడు రెండు వేరువేరు పదార్థాలకు అప్పగింతలయ్యాయి. వెండి నల్లబడితే నత్రికామ్లంతో కడిగేస్తే చాలు, గాజుకు ఏమీ కాదు. కంచు అద్దాల సంప్రదాయాన్ని ఒక్క తరంలో పక్కకు నెట్టింది, నా దృష్టిలో, వెండి మెరుపుకన్నా ఈ సౌలభ్యమే.

వెండికి గంధకం పడదు. పట్టణపు పొగ తగిలితే నెలల్లో రంగు మారుతుంది. 1930లలో కాలిఫోర్నియాలో జాన్ స్ట్రాంగ్ నిర్వాత గదిలో అల్యూమినియాన్ని ఆవిరిచేసి గాజు మీద పరిచే పద్ధతిని పెద్ద అద్దాలకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల హుకర్ దర్పణానికి 1935లో అల్యూమినియం పూత పడింది. అల్యూమినియం మీద గాలి తగిలిన కొద్దిసేపట్లోనే కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది పారదర్శకం, గట్టిది. కింది లోహానికి అదే కవచం. నేటికీ అత్యధిక అద్దాలకు అల్యూమినియమే వాడుక.

తీయాలా, వద్దా

దుమ్ము కనిపించగానే పూత పోయిందనుకోవడం తరచుగా జరిగే తొందరపాటు. రాత్రి టార్చిలైటు ఏటవాలుగా వేస్తే ఎంత మంచి అద్దమైనా భయంకరంగానే కనిపిస్తుంది. దుమ్మువల్ల పోయే వెలుతురు స్వల్పం, నీళ్లతో మెల్లగా కడిగితే అది తిరిగివస్తుంది. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. అద్దాన్ని, దాన్ని పట్టి ఉంచే తొట్టె (మిర్రర్ సెల్) లోంచి విడదీసి, వెనక బలమైన దీపం పెట్టి, చీకటి గదిలో ముందునుంచి చూడాలి. వెనకమొహం గరుకుగా ఉన్నా వెలుతురు చొరబడుతుంది. అక్కడక్కడ సూదిమొన చుక్కలు కనిపిస్తే బెంగలేదు. చుక్కలు కలిసిపోయి మచ్చలైతే, అంచునుంచి పూత జల్లెడలా మారితే, కడిగినా పోని తెల్లటి పొగ ఉంటే కొత్త పూత వేయించాల్సిందే.

లెక్క చూస్తే ఆ అవసరం బోధపడుతుంది. కొత్త అల్యూమినియం దృశ్యకాంతిలో 90 శాతం దాకా తిప్పి పంపుతుంది. న్యూటన్ తరహా టెలిస్కోపులో రెండు అద్దాలుంటాయి కాబట్టి కంటికి చేరేది 81 శాతం. ఒక్కో అద్దం 80 శాతానికి దిగితే చేరేది 64 శాతమే. అంతకన్నా ముఖ్యం, పాడైన పూత వెలుతురును చెదరగొడుతుంది. నల్లగా ఉండవలసిన ఆకాశం బూడిదరంగుకు తిరిగి మసక నెబ్యులాలు అందులో కలిసిపోతాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి పూత ఇంకా తొందరగా పోతుంది. వానాకాలంలో మూత బిగించి, తడి ఆరకుండా దాచిన అద్దానికి బూజు పట్టడం మనవైపు మామూలే. ఆ బూజు లోహాన్ని దాటి గాజును కూడా గుర్తులు పడేలా తినగలదు.

ముందు ఏమిటో తెలుసుకోవాలి

మందు పోసేముందు చేతిలో ఉన్నదేమిటో తెలియాలి. స్పెక్యులమ్ అద్దమైతే ఏ ఆమ్లమూ తగలనివ్వకూడదు. అక్కడ లోహమే అద్దం, ఆమ్లం తగిలితే ఆకారం శాశ్వతంగా పోతుంది. పాత వెండి పూత ఉన్న చారిత్రక అద్దాన్ని మ్యూజియం వస్తువుగా చూడాలి, మెరుపుకోసం దాని చరిత్రను కడిగేయడం తప్పు. ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు ముందుండే పలుచటి కరెక్టర్ పలకకు ఉండేది పరావర్తనాన్ని అణిచే పూత, దాని జోలికి పోకూడదు. పలుపొరల డైఎలక్ట్రిక్ పూత ఉన్న చిన్న అద్దాలు ఇంట్లో దొరికే మందులకు లొంగవు. వాటిని మార్చుకోవడమే చవక.

మామూలు గాజు అద్దం మీద కనిపించే పూతలు నాలుగు రకాలు. ఒట్టి అల్యూమినియం, పైన సిలికాన్ ఆక్సైడు రక్షణ పొర ఉన్న అల్యూమినియం, పైన పలుపొరలు వేసి మెరుపు పెంచిన అల్యూమినియం, రక్షణ పొరతో కూడిన వెండి. కొన్ని పాత అద్దాల్లో లోహం గట్టిగా పట్టడానికి కింద క్రోమియం పొర కూడా ఉంటుంది. అల్యూమినియమంతా కరిగాక కూడా గోధుమ, బూడిద ఛాయ మిగిలి ఉందంటే క్రోమియాన్ని అనుమానించాలి. దానికి సీరిక్ అమ్మోనియం నైట్రేటు ద్రావణం వాడతారు. అది ప్రయోగశాల పని, ఇంటి పెరట్లో చేసేది కాదు.

కరిగించే మందులు

అల్యూమినియం ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. ఏది వాడినా మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, పైనున్న ఆక్సైడు కవచం అడ్డుపడుతుంది కాబట్టి. మందు పనిచేయట్లేదని గాఢత పెంచేవాళ్లు పొరబడేది అక్కడే. క్లోరైడు అయాన్లు ఉన్న ద్రావణాలు ఆ కవచాన్ని చీల్చడంలో దిట్ట. అందుకే వాడుకలో ఉన్న మంచి మందులన్నీ క్లోరైడులే.

ఔత్సాహికులకు అన్నిటికన్నా అనువైనది ఫెర్రిక్ క్లోరైడ్. ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు సర్క్యూటు పలకల మీది రాగిని కరిగించడానికి వాడేది ఇదే. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజార్లలో పీసీబీ ఎచింగ్ మందుగా దొరుకుతుంది. గాజును ముట్టదు, ముక్కుపుటాలు అదిరే పొగ ఉండదు, పని నిదానంగా సాగుతుంది. రక్షణ పొర లేని పూత కొద్ది నిమిషాల్లో పోతుంది. సిలికాన్ ఆక్సైడు పొర ఉంటే మందు ఆ పొరను కరిగించలేదు. సూదిమొన రంధ్రాల్లోంచి దిగి, కింది అల్యూమినియాన్ని తినేసి, పై పొరను తేలగొడుతుంది. దానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి తెల్లవారేదాకా నానబెట్టాలి. దీని లోపమల్లా మరక. బట్ట మీద, సిమెంటు గచ్చు మీద, స్టీలు సింకులో పడితే పసుపు గోధుమ మచ్చ వదలదు, స్టీలును తినేస్తుంది కూడా. నీరులేని నల్లటి పొడి రూపంలో దొరికితే నీళ్లలో వేయగానే బాగా వేడెక్కుతుంది, ఆమ్లపు పొగ కక్కుతుంది. కాబట్టి పొడిని నీళ్లలో చిటికెడు చిటికెడు వేయాలి, పూర్తిగా చల్లారాకే అద్దం మీద పోయాలి.

పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మైలుతుత్తం కలిపిన పచ్చటి ద్రావణం. ఆ రంగునుబట్టే దానికి 'గ్రీన్ రివర్' అని వాడుక పేరు. మైలుతుత్తంలోని రాగి అల్యూమినియం మీద సన్నగా పేరుకుని, రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య మొదలై, అల్యూమినియం వేగంగా కరుగుతుంది. ఎర్రటి రాగి నలుసు మిగులుతుంది, దాన్ని పారే నీటితో తేల్చేయాలి. తుడవకూడదు.

కాస్టిక్ సోడా ద్రావణం చవక, అల్యూమినియాన్ని నురగలు కక్కిస్తూ కరిగిస్తుంది. పేచీ ఏమిటంటే అది గాజును కూడా కరిగిస్తుంది. చల్లటి, పలుచటి ద్రావణం కొద్ది నిమిషాల్లో చేసే నష్టం స్వల్పమే. వేడి నీళ్లలో గాఢంగా కలిపి గంటలకొద్దీ వదిలేస్తే మాత్రం మెరుగుపెట్టిన మొహం పొగబారుతుంది, దాన్ని మళ్లీ సాన మీదే బాగుచేయాలి. ఫెర్రిక్ క్లోరైడ్ దొరికే చోట కాస్టిక్ సోడా వాడవలసిన అవసరమే లేదు.

గాఢ నత్రికామ్లం అల్యూమినియం మీద పనిచేయదు, కవచాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. వెండిని మాత్రం సులువుగా కరిగిస్తుంది. ఆ చర్యలో గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడు పొగ వస్తుంది. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోయినా గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేయగల విషం అది. వెండి పూతతో ఇంకో ప్రమాదం కొత్త పూత పోసే దగ్గర ఉంది. అమోనియా కలిసిన సిల్వర్ నైట్రేటు ద్రావణాన్ని నిలవ ఉంచితే తాకితే పేలే మడ్డి ఏర్పడుతుంది. వాడగా మిగిలినదాన్ని ఆ పూటే ఆమ్లం కలిపి నిర్వీర్యం చేయాలి, సీసాలో దాచకూడదు.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పేరు ఇక్కడ చెప్పేది హెచ్చరికకే. మొండి సిలికాన్ ఆక్సైడు పొరను తీసేస్తుందని కొందరు ఫ్లోరైడు కలిసిన తుప్పు మందులూ, చక్రాల క్లీనర్లూ వాడతారు. సిలికాన్ ఆక్సైడును తినేది గాజునూ తింటుంది, గాజు కూడా ప్రధానంగా అదే పదార్థం. చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని బంధిస్తుంది, గుండెను ఆపగలదు. డబ్బా మీద ఫ్లోరైడ్, బైఫ్లోరైడ్ అన్న మాట కనిపిస్తే దాన్ని అలాగే పక్కన పెట్టేయాలి.

పని జరిగే తీరు

ఎనిమిది అంగుళాల అద్దాన్నే తీసుకుందాం. గాలి ఆడే చోటు, మేడ మీదో పెరట్లోనో, ప్లాస్టిక్ తొట్టి, దాని అడుగున మడతపెట్టిన పాత తువ్వాలు. కళ్లకు పక్కలు మూసుకున్న అద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లౌజులు, ఒంటికి పాతబట్టలు ఉండాలి. చేతి గాజులు, ఉంగరాలు, గడియారం తీసేయాలి. అద్దాలకు పడ్డ గీతల్లో ఉంగరం వాటా తక్కువేం కాదు. పక్కన బక్కెట్టు నిండా నీళ్లు, గిన్నెలో వంటసోడా. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దూరంగా పంపాలి.

అద్దాన్ని తొట్టెలోంచి తీశాక వెనకనున్న జిగురు బిళ్లలు, మధ్యలో అంటించిన గుర్తు కాగితం తొలగించాలి. తర్వాత మొదటి కడుగు. ఇది మందుకన్నా ముఖ్యం. పూత మీద కూర్చున్న దుమ్ములో ఇసుకరేణువులుంటాయి, అవి గాజుకన్నా గట్టివి. వాటిని వేలితో కాదు, ధారతోనే పంపాలి. గోరువెచ్చటి నీరు మెల్లగా పారనిచ్చి, తర్వాత రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, మళ్లీ ధారపెట్టాలి. చల్లటి అద్దం మీద వేడినీళ్లు కుమ్మరిస్తే పగలవచ్చు. మామూలు కిటికీ గాజుతో చేసిన పాత అద్దాలకు ఈ భయం మరీ ఎక్కువ, పైరెక్సుకు తక్కువ.

ఇప్పుడు మందు. అద్దం మొహం మునిగేలా పోసి వదిలేయాలి. కాసేపటికి అంచు చుట్టూ మెరుపు తగ్గి, అక్కడక్కడ కిటికీలు తెరుచుకున్నట్టు పారదర్శకమైన మచ్చలు పడతాయి, వాటిలోంచి కింది తువ్వాలు రంగు తెలుస్తుంది. మచ్చలు పెరుగుతూ ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. చివరకు మధ్యలో వెండిరంగు దీవి ఒకటి మిగిలి, అదీ మాయమవుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి ఇవన్నీ చూడాలంటే మధ్యమధ్య అద్దాన్ని ఒక పక్కకు కొద్దిగా ఎత్తాలి. మొండి మచ్చలుంటే మందులో తడిపిన సర్జికల్ దూది ఉండను వాటి మీద పెట్టి, దూది బరువు తప్ప ఇంకే ఒత్తిడీ లేకుండా లాగాలి. ఒక్కసారి లాగిన దూదిని పారేసి కొత్తది తీసుకోవాలి. ఇక్కడ విసుగొచ్చి నొక్కి రుద్దితేనే సన్నటి గీతలు పడతాయి. ఒకటి రెండు గీతలవల్ల బింబం చెడిపోదన్నది నిజం. వందలకొద్దీ వెంట్రుక గీతలు పడితే మాత్రం కొత్త పూత కింద కూడా అవి వెలుతురును చెదరగొడుతూనే ఉంటాయి.

పూత పోయాక ధారాళంగా కడగాలి. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ, ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. ఆఖరి రెండు కడుగులకు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి, పెట్రోలు బంకుల్లో డబ్బాలు దొరుకుతాయి. శుభ్రతకు పరీక్ష నీళ్లే చెబుతాయి. శుభ్రమైన గాజు మీద నీరు తెగకుండా ఒకే పొరగా జారుతుంది. చుక్కలుగా విడిపోయిందంటే జిడ్డు మిగిలినట్టే. ఆరిన తర్వాత మొహం మీద నోటి ఆవిరి ఊదితే మసక సమంగా పట్టి సమంగా పోవాలి. అద్దాన్ని నిలువుగా ఆనించి ఆరబెట్టాలి, తుడవకూడదు.

వాడిన మందును కాలువలోకి ఒంపకూడదు. వంటసోడా కొంచెంకొంచెంగా కలిపితే పొంగుతుంది. పొంగడం ఆగేదాకా కలపాలి. మైలుతుత్తం ఉన్న ద్రావణం, లోహాన్ని కరిగించిన ఫెర్రిక్ క్లోరైడ్ చేపలకు విషం, చెరువుల దరిదాపులకు పోనివ్వకూడదు. అల్యూమినియం కరిగేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో నిప్పు, సిగరెట్టు ఉండకూడదు. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఒకే చోట చేరకూడదు, వాటి కలయికలో క్లోరిన్ పుడుతుంది. ఆమ్లాన్ని పలుచన చేయాలంటే నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోస్తే చిమ్ముతుంది. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లధార కింద పెట్టాలి. కంట్లో పడితే పావుగంట తగ్గకుండా కడుగుతూ ఆసుపత్రికి పోవాలి.

ఒట్టి గాజు చేతికొచ్చిన ఈ దశలో ఒక మంచి అవకాశం ఉంది. పూత లేని గాజు కూడా 4 శాతం వెలుతురు తిప్పుతుంది, ఫూకో కత్తియంచు పరీక్షతో ఆకారం సరిచూసుకోవడానికి అది సరిపోతుంది. దోషాలుంటే సరిదిద్దాల్సింది ఇప్పుడే. ఆ 4 శాతాన్ని నమ్ముకుని ఒట్టి అద్దంతో సూర్యుణ్ణి చూడబోవడం మాత్రం కళ్లు పోగొట్టుకోవడమే.

పరిశోధనశాలల్లో

పెద్ద అద్దాలను తొట్టిలో ముంచలేరు. అద్దాన్ని దాని తొట్టెతో సహా క్రేనుతో దింపి, అంచు చుట్టూ, మధ్య రంధ్రం చుట్టూ రబ్బరు కట్టలు బిగించి, మందు వెనక్కి కారకుండా చూస్తారు. అద్దాన్ని నిలబెట్టే ఆధారాలు, సెన్సర్లు వెనక ఉంటాయి, ఒక్క ఆమ్లపు చుక్క వాటిని పాడుచేయగలదు. తర్వాత సబ్బు, ధార, ఆమ్లం, ధార, మెత్తటి సుద్ద కలిపిన క్షారంతో ఆఖరి కడుగు, శుద్ధజలం, పొడి నైట్రోజన్ గాలి. కారిన నీళ్లన్నీ ట్యాంకుల్లో పట్టి శుద్ధిచేస్తారు.

చిలీలోని పరనాల్‌లో 8.2 మీటర్ల అద్దాలను శిఖరం మీదినుంచి కింది స్థావరానికి ప్రత్యేక వాహనంలో తెచ్చి పూత మారుస్తారు. ఇరవై టన్నుల పైచిలుకు బరువు, 17.5 సెంటీమీటర్ల మందం మాత్రమే ఉన్న గాజు పలక అది. పూతకు పట్టేది డజను గ్రాముల అల్యూమినియం. అమెరికాలోని ఎమ్‌ఎమ్‌టీ, పెద్ద బైనాక్యులర్ టెలిస్కోపుల వద్ద అద్దాన్ని కదపకుండా, గంట ఆకారపు నిర్వాత గదినే తెచ్చి అద్దం తొట్టె మీద బోర్లిస్తారు. పరారుణ కాంతికోసం జెమిని సంస్థ 2004 నుంచి 8.1 మీటర్ల అద్దాలకు రక్షణ పొరలున్న వెండి వేస్తోంది, ఒక్కో అద్దానికి 50 గ్రాముల ప్రాంతంలో. మెరుగైన రక్షణ పొర అంటే కష్టమైన తొలగింపు కూడా. పూతల రూపకర్తలు రెంటినీ తూచి చూడక తప్పదు.

పాలొమార్ దర్పణానికి పూత వేసేముందు స్ట్రాంగ్ గాజుకు బజారులో దొరికే తలనూనె క్రీము రాయించాడన్నది ఈ రంగంలోని వారంతా చెప్పుకునే ఉదంతం. చూసినవారు బెదిరిపోయారట. తెలియని జిడ్డు కన్నా తెలిసిన జిడ్డు మేలని ఆయన తర్కం. దాన్ని తుడిచి, మిగిలిన పలుచటి పొరను నిర్వాత గదిలో విద్యుత్ ఉత్సర్గంతో కాల్చేశాడు. పూత వేసేముందు గాజును ఇలా విద్యుత్ ఉత్సర్గంతో శుద్ధిచేయడం ఇప్పటికీ ఉంది.

మనదేశంలో ఈ పని ఎక్కడికక్కడే జరుగుతుంది. తమిళనాడులోని కావలూరులో 1986 జనవరి 6న ప్రారంభమైన వేణు బాప్పు టెలిస్కోపు పక్కనే అల్యూమినియం పూత యంత్రం ఉంది. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 2016లో ప్రారంభమైన 3.6 మీటర్ల టెలిస్కోపుకూ అక్కడే పూత వేసే ఏర్పాటుంది.

సొంతంగా చేయాలా

పూత వేసే సంస్థలు చాలామటుకు పాత పూతను తామే తీస్తాయి, ఆ ఖర్చు పూత ధరలోనే కలిసి ఉంటుంది. తమ చేతిమీదుగా శుభ్రపడిన గాజును మాత్రమే అవి నిర్వాత గదిలోకి పంపగలవు కాబట్టి, మనం ఇంట్లో ఎంత బాగా కడిగి పంపినా వారు మళ్లీ కడిగి తీరతారు. పైగా పాత పూత ఉన్న అద్దం పార్సిలులో పోయేటప్పుడు ఆ పూతే గాజుకు రక్షణ, కాగితం రాసుకున్నా గీత లోహం మీదే పడుతుంది. కాబట్టి మొదట పూత వేసేవారిని అడగండి. వారు తామే తీస్తామంటే మీరు ముట్టుకోకండి. తీసి పంపమంటేనో, ఆకారం పరీక్షించాలనుకుంటేనో ఫెర్రిక్ క్లోరైడ్ తీసుకోండి, ఒక రోజంతా ఖాళీ ఉంచుకోండి, దేన్నీ రుద్దకండి.